దావీదు ఇచ్చిన సర్వితోపు

దావీదన్న చనిపోయిన ఏడాది, అంటే అరవై తొమ్మిదిలో, అల్లూరు దారిలోని బడివాళ్ళు తమ ఆవరణలో ఉన్న వేపచెట్లకు ఆయన పేరుతో ఒక పలక కట్టారు. ఉన్నన్నాళ్ళూ పిచ్చి దావీదు అన్న నోళ్ళే ఆ రోజు ఆయనను ఆకాశానికెత్తాయి. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే కదా! నాకు అలాంటి పొగడ్తలు వింటే ఒళ్ళు మండుతుంది. మనిషి ఎలా బతికాడో చెప్పకుండా మంచివాడు, మంచివాడు అంటే ఆ మాట ఎవరికి అతికించినా అతుకుతుంది.

మా గుల్లదిబ్బ పాలెంలో మాత్రం ఆయన పేరుతో పలక లేదు. నిజానికి ఆయన అందరికంటే ఎక్కువ మొక్కలిచ్చింది మాకే. సముద్రానికీ మా ఇళ్ళకూ నడుమ అడ్డంగా నిలబడిన సరుగుడు తోపంతా ఆయన చలవే. సరుగుడును మా వైపు సర్వి అంటారు. ఆ సర్వితోపు నీడన కూర్చున్నవాళ్ళ దగ్గర కూడా దావీదన్న పేరెత్తితే మాట మార్చేస్తారు. ఆయన కూడా చివరి నాలుగేళ్ళూ మా ఒడ్డుకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

అల్లూరికి తూర్పున, మా పాలేనికి మైలు దూరంలో ఆయనకు రెండెకరాల ఇసుకనేల ఉండేది. అక్కడ బావి తవ్వే పని లేదు. మనిషి లోతున గుంట తీస్తే తియ్యటి నీళ్ళు ఊరతాయి. వాటిని దొరువులంటాం. ఆ దొరువుల చుట్టూ ఆయన నారుమళ్ళు పోసేవాడు. మొలకెత్తిన నారును తాటాకు బుట్టల్లోకి మార్చి, పందిరి కింద వరసలుగా పేర్చేవాడు. నర్సరీ అనే మాట మాకప్పుడు తెలియదు. అంట్లతోట అనేవాళ్ళం. నిమ్మమొక్కలు బండ్ల మీద గూడూరు వైపు వెళ్ళేవి. నిమ్మతోటలు వేసే రైతులు వచ్చి బేరమాడి పట్టుకుపోయేవాళ్ళు. ఆ ఇల్లు గడిచింది నిమ్మమొక్కల మీదే.

మనిషి పొట్టి. ఎండైనా వానైనా నెత్తిన ఒక తడిగుడ్డ. ఆదివారం మందిరంలో ప్రార్థనకు కూర్చున్నప్పుడు దాన్ని తీసి భుజాన వేసుకునేవాడే గాని ఇంట్లో వదిలి వచ్చేవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలింది ఆయనా, భార్య రెబెక్కమ్మా. ఆమె నోరు మంచిది కాదని ఊరంతా అనేది గాని, ఆ నోరే లేకపోతే ఆయన కట్టుబట్ట కూడా ఎవరికో ఇచ్చి వచ్చేవాడు.

"ఊళ్ళన్నిటికీ వనాలు పంచతా ఉండాడు. నా పొయ్యికాడ చారులోకి కరేపాకు లేదు" అని వచ్చినవాళ్ళందరికీ వినబడేలా అరిచేది. కరివేపాకు మొక్కలు ఆమె వెనకే పందిరి కింద వరస కట్టి ఉండేవి. అవి బడికి ఇస్తానని మాటిచ్చినవి కాబట్టి ఒక రెబ్బ తుంచనిచ్చేవాడు కాదు.

దావీదన్న లెక్క ఒక్కటే. సొంత పెరటికి మొక్క కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందరిదీ అయిన చోటికైతే ఊరికే ఇస్తాడు. బడి, సత్రం, మందిరం, అంకమ్మ గుడి, హిందువుల శ్మశానం, క్రైస్తవుల సమాధుల తోట, ఏదైనా ఒకటే. కానీ నాటే తీరు మాత్రం ఆయన చెప్పినట్టే జరగాలి. ఒక్కో గుంటలో వేరు వేరు ఇళ్ళకు చెందిన ఇద్దరు కలిసి మొక్క పెట్టాలి. ఇద్దరి చేతులూ మొక్క మీద ఉండాలి. ఒక్కడే వచ్చి నాటతానంటే బుట్ట వెనక్కి లాక్కునేవాడు.

"ఒకడు నాటితే ఒకడి చెట్టయితది. రేపు అవసరమొస్తే ఆడే కొట్టేసుకుంటాడు. ఇద్దురు నాటినారనుకో, ఆడు కొడతానంటే ఈడు ఊరుకోడు" అనేవాడు. "మరి నువ్విచ్చినావు గదన్నా, నీకు హక్కు లేదా?" అని ఎవరైనా అడిగితే, "ఇచ్చినాక నాకేం సంబంధం? అది మీయందరిది" అని చెయ్యి దులుపుకునేవాడు.

ఒకసారి పొరుగూరి మునసబు గ్రామచావిడి ముందు నాటించాలని చెప్పి బండి పంపి మొక్కలు తెప్పించుకున్నాడు. దావీదన్న ఆ మర్నాడే నడిచి వెళ్ళి చూస్తే చావిడి ముందు గడ్డి కూడా లేదు. మొక్కలన్నీ మునసబు మామిడితోట గట్టున ఉన్నాయి. "చావిడి ఇంత దూరం ఎప్పుడు జరిగిందయ్యా?" అని అడిగి, ఒక్కొక్క మొక్కా మన్నుతో సహా పెకలించి, అదే బండిలో వేసుకొచ్చాడు. ఆ కథ చెప్పమంటే దావీదన్న పదిసార్లయినా చెప్పేవాడు.

ఇది కూడా చెప్పాలి. దానం చేసేవాడికీ ఒక ఆకలి ఉంటుంది. తాను ఇచ్చిన చెట్లను చూడటానికి ఆయన ఊళ్ళు తిరిగేవాడు. ఎండిన మొక్క కనబడితే ఆ వీధివాళ్ళను తిట్టి పోసేవాడు. పెరిగిన చెట్టు కనబడితే దాని కింద నిలబడి, ఎవరైనా ఒక మంచిమాట అంటారేమోనని చూసేవాడు. ఎవరో ఒకరు అనేవాళ్ళు కూడా. ఆ పూట ఆయనకు అన్నం అక్కర్లేదు. ఇందులో తప్పేముంది అంటారేమో. తప్పని నేననడం లేదు. కానీ మెచ్చుకోలు కోసం చెవి ఒగ్గిన మనిషికి వేరే మాట ఏదైనా సరిగా వినబడదు.

మా పాలెంవాళ్ళది సముద్రం మీద బతుకు. కాలువ సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం. పడవలు ఆ మొగలోంచే బయటికి పోవాలి, ఆ మొగలోంచే లోపలికి రావాలి. దానికి అటూ ఇటూ నీళ్ళ కింద ఇసుకదిబ్బలుంటాయి. వాటి మీద అల విరిగేటప్పుడు పడవ అక్కడ చిక్కిందంటే తిరగబడినట్టే. పగలైతే నీటి రంగు చూసి దారి పట్టొచ్చు. పొద్దుగూకినాక నీళ్ళన్నీ ఒకటే రంగు.

అందుకు మావాళ్ళకు ఒక ఆనవాలు ఉండేది. పాలెం వెనక ఇసుకమిట్ట మీద, ఎప్పుడో దొరలు కట్టించిన చిన్న క్రైస్తవ మందిరం ఉంది. దాని వెనక ఒంటరి తాడిచెట్టు. సముద్రం మీదినుంచి చూస్తూ వస్తే, మందిరం తెల్లగోడకు సరిగ్గా నడుమన తాడి నిలబడినప్పుడు పడవ మొగకు ఎదురుగా ఉన్నట్టు. తాడి గోడకు ఒక పక్కకు జరిగితే దారి తప్పినట్టు. చూసుకుని దిద్దుకోవాలి. మా తాతల కాలంనుంచీ ఇదే లెక్క.

అందుకే ఏటా వేట జోరందుకునే ముందు మందిరం తూర్పుగోడకు సున్నం కొట్టేది మా పాలెంవాళ్ళే. గుల్ల సున్నం కాల్చి, నానబెట్టి, మూడు పూతలు వేసేవాళ్ళు. మిగతా మూడు గోడలు మాసిపోయి ఉన్నా ఆ ఒక్క గోడ మల్లెపువ్వులా ఉండేది. అంకమ్మకు జాతర చేసే చేతులతోనే ఆ గోడకు పూత వేసేవాళ్ళు. ఎవరికీ అందులో వింత కనబడలేదు. ఆ పని ముందుండి చేయించేది ముత్యాలయ్య. పాలెంలో అందరికంటే చెయ్యి తిరిగిన వేటగాడు. ఆయన భార్య అంకాలమ్మ.

యాభై ఎనిమిదిలో, వానలకు ముందు, అంకాలమ్మ నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని దావీదన్న తోటకు వెళ్ళింది. వేసవి వచ్చిందంటే మా పాలేన్ని ఇసుక ముంచేసేది. గాలికి లేచిన ఇసుక అన్నంలో, నీళ్ళలో, పసిబిడ్డల కళ్ళలో. పొద్దున తలుపు తీయాలంటే ముందు గడప దగ్గర ఇసుక తోడాలి.

"అన్నా, ఊళ్ళన్నిటికీ చెట్లిస్తివి. సముద్రంలో బతికేటోళ్ళం మేము మనుషులం కాదా?" అంది.

"అడగందే అమ్మయినా పెట్టదు తల్లీ. ఇన్నాళ్ళూ అడగకపోతే నాకెట్టా తెలస్తది?" అన్నాడు దావీదన్న.

"ఇప్పుడడుగుతుండా. మా ఇళ్ళకు అడ్డం కావాల."

ఆయన ఆ ఏడు వేసిన సర్వినారంతా మాకే కేటాయించాడు. కార్తీకం వానల్లో పాలెమంతా కదిలి నాటింది. ఇంటికొకరు చొప్పున, ఇద్దరిద్దరు జతలుగా. ముత్యాలయ్య కూడా నాటాడు, సముద్రానికి వీపు పెట్టి. మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. వాటి మీదుగా మందిరం గోడ తెల్లగా కనబడుతూనే ఉంది. ఒడ్డుకు పోయే దారికని దావీదన్న తోపు నడుమ ఒక వెడల్పాటి సందు వదిలించాడు. ఆ సందు సరిగ్గా మందిరానికి ఎదురుగా ఉండేది. దారి మొదటినుంచీ అక్కడే కాబట్టి సందూ అక్కడే పడింది. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

మూడు వేసవులు ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు పోసి ఆ మొక్కల్ని బతికించారు. తోపు ఏపుగా లేచింది. ఇసుక ఆగింది. ఆగనిది ఆ సందులోంచే. గాలంతా అక్కడ కూడుకుని, సూటిగా అంకాలమ్మ ఇంటి మీదకు ఇసుక కొట్టేది. ఊరందరికీ సుఖం దొరికి, అడిగి తెచ్చిన ఆమెకు మాత్రం కష్టం రెట్టింపైంది. మళ్ళీ తోటకు వెళ్ళింది.

"ఊడ్చీ ఊడ్చీ నా నడుం ఇరిగిపోతా ఉండాదన్నా. ఆ సందు మూసెయ్యి. దారి అట్టా పక్కనించి పోతాంలే."

ఆయన కాదనలేదు. ఎందుకంటాడు? అడిగినవాళ్ళకు ఇవ్వడమే ఆయనకు తెలిసిన పని. బలమైన మొక్కలు ఏరి పంపాడు. సందు మూసుకుంది.

ఆ తర్వాతి రెండు మూడేళ్ళూ మా పాలెం చూడని సుఖం చూసింది. మగవాళ్ళు తోపు నీడన వలలు బాగుచేసుకునేవాళ్ళు. ఆడవాళ్ళు రాలిన పోచలు ఊడ్చుకుని పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్ళు. అంకాలమ్మ ఇంట్లో అన్నంలో ఇసుక తగలడం మానేసింది. దావీదన్న వారానికోసారైనా వచ్చి చెట్ల కాండాలు తడిమి వెళ్ళేవాడు. ఒకరోజు ముత్యాలయ్య వల అల్లుతూ తల పైకెత్తి నవ్వాడు.

"దావీదన్నా, నీ చెట్లు మీ మందిరాన్ని మింగేసినాయి గదా! సముద్రం మీదినించి చూస్తే యేసుసామి గూడా కనపళ్ళేదు."

"ఇంకా పెరగతాయి తమ్ముడా, ఇంకా పెరగతాయి" అన్నాడు దావీదన్న. ఆయన మొహం వెలిగిపోయింది. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. అన్నవాడికి తానేమన్నాడో తెలియలేదు, విన్నవాడికి తానేమి విన్నాడో తెలియలేదు. ఎండ ఉన్న రోజుల్లో, తెలిసిన నీళ్ళలో, అలవాటైన చేతులకు గోడతో పనేముంది? మసకబడితే ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్ళు. ఆనవాలు పోయిందన్న సంగతి ఎవరూ గట్టిగా అనుకోనేలేదు. అనుకున్నా, ఊరందరూ కలిసి పెంచిన చెట్ల మీద ఎవడు మాటంటాడు? అరవై నాలుగులో కూడా ముత్యాలయ్య ఎప్పటిలాగే గోడకు మూడు పూతలు వేశాడు. పొద్దుటి ఎండ తగలకుండా, సర్వి నీడలో హాయిగా వేశాడు. గోడ మీద నీడ పడుతోందంటే ఆ గోడ సముద్రానికి కనబడదని అక్కడ నిలబడిన ఒక్కరికీ తోచలేదు. ఎంత తెలిసినవాళ్ళమో చూడండి!

ఆ ఏడు కార్తీకంలోనే ముత్యాలయ్య, ఆయన తమ్ముడు రమణయ్య పడవేసుకుని వెళ్ళి తిరిగి రావడం ఆలస్యమైంది. మిగతా పడవలన్నీ ముందే చేరాయి. మబ్బు కమ్మి, సన్నటి వాన పట్టింది. ఒడ్డున జనం చూస్తుండగా మొగకు దక్షిణంగా ఏదో కేక వినిపించింది. దిబ్బ మీద పడవ బోర్లాపడింది. రమణయ్య చెక్క పట్టుకుని కొట్టుకొచ్చాడు. ముత్యాలయ్య మర్నాడు దొరికాడు.

దావీదన్న కబురు తెలియగానే పరుగున వచ్చాడు. అంకాలమ్మ తన ఇంటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయనను చూసి మొహం తిప్పుకుంది. రమణయ్య వచ్చినవాళ్ళందరికీ జరిగింది చెబుతున్నాడు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. చెప్పకుండా ఉండలేక చెబుతున్నాడంతే.

"తాడి కనపడింది. మబ్బులో గూడా దాని తల కనపడతానే ఉండింది. గోడ కనపళ్ళా. అన్న అడగతానే ఉండాడు, గోడేదిరా, గోడేదిరా అని. ఒట్టి తాడి ఏంటికి పనికొస్తది? అదుండాదని నమ్మి దిబ్బ మీదికి పోయినాం."

దావీదన్న కూర్చున్నవాడు లేచాడు. ఎవరితోనూ చెప్పకుండా మందిరం దగ్గరికి నడిచాడు. ఆ తెల్లగోడకు వీపు ఆనించి తూర్పుకు చూశాడు. సముద్రం చప్పుడు వినబడుతోంది గాని సముద్రం లేదు. చెట్లే ఉన్నాయి. తన చెట్లు.

దినాలు పూర్తయ్యాక ఆయన రమణయ్య దగ్గరికి వెళ్ళి తనను సముద్రం మీదికి తీసుకుపొమ్మన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆ మనిషి పడవెక్కింది లేదు. నీళ్ళంటే భయం. రెబెక్కమ్మ కాళ్ళకు అడ్డం పడింది. రమణయ్య కూడా వద్దన్నాడు. "నాకు చూడాల రమణా" అన్నాడు, అదొక్కటే మాట. చివరికి అలలు తగ్గిన ఒక రోజు ఎక్కించుకు పోయాడు. దావీదన్న రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, కక్కుకుంటూ, మొగ దాటినాక వెనక్కి తిరిగి చూశాడు.

ఒడ్డు పొడుగునా పచ్చగా, నిండుగా, ఎక్కడా చిల్లు లేకుండా తోపు. ఏళ్ళ తరబడి కింద నిలబడి చూసి మురిసిన చెట్లు అక్కడినుంచి ఎంత అందంగా ఉన్నాయో! ఆ అందం చూసి ఆయన పడవలోనే నెత్తి కొట్టుకుని ఏడ్చాడు. మంచికి పోతే చెడు ఎదురవుతుందని మనం ఊరికే అంటుంటాం. అది ఎదురైన మనిషి ఎలా ఉంటాడో రమణయ్య ఆ రోజు చూశాడు. తర్వాత చాన్నాళ్ళు ఆ సంగతి చెప్పడానికి కూడా ఇష్టపడలేదు.

ఒడ్డుకు దిగగానే దావీదన్న పాలెం పెద్దల దగ్గరికి వెళ్ళాడు. మందిరానికి ఎదురుగా, పాత సందు మేరకు చెట్లు కొట్టించండి అని అడిగాడు. పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. కొడితే మళ్ళీ ఇసుకొస్తుంది. ఇళ్ళు మునుగుతాయి. గుంజ పాతి లాంతరు కడదామన్నారు. కట్టారు కూడా. రెండో రోజు గాలికే ఆరిపోయింది. ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఒక పెద్దమనిషికి విసుగొచ్చింది.

"చచ్చినోడు ఎట్టాగూ తిరిగి రాడు. ఉండే చెట్లు ఏంటికి కొట్టేది? అయినా ఇచ్చినాక నీది కాదని నువ్వే గదన్నా చెప్పింది. ఊరంతా ఒప్పుకోవాల. ఊరు ఒప్పుకోలా."

తాను చెప్పిన మాటే. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి నెల గడిచింది. ఇంట్లో అన్నం సహించడం లేదు. నారుమళ్ళకు రెబెక్కమ్మే నీళ్ళు పోసేది. అంకాలమ్మ తనను చూసి మొహం తిప్పుకోవడం ఆయన కళ్ళలోంచి పోలేదు. "ఆ తల్లి నన్ను తిట్టినా బాగుండు. తిట్టదు గూడా" అని భార్య దగ్గర వాపోయేవాడు. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే రెబెక్కమ్మ అన్నం కంచం ఆయన ముందుకు జరిపేది.

ఒకరోజు పొద్దున్నే గొడ్డలి భుజాన పెట్టుకుని ఒక్కడే తోపులోకి వచ్చాడు. మొదటి వేటు పడగానే జనం పోగయ్యారు. ఇద్దరు ఆయన చేతులు పట్టుకున్నారు. "వదలండి నన్ను, కాళ్ళకు మొక్కుతా వదలండి" అని ఆ పెద్దవాడు గింజుకుంటున్నాడు. కేకలకు అంకాలమ్మ ఇంట్లోంచి బయటికొచ్చింది. మొగుడు పోయిన ఆడది మూడు నెలలు గడప దాటకూడదని మా కట్టుబాటు. ఆమె దాటి వస్తుంటే జనం రెండుగా చీలి దారిచ్చారు.

"గొడ్డలి ఇటియ్యన్నా" అంది.

దావీదన్న ఆమె ముందు ఇసుకలో కూలబడ్డాడు. "నీ ఉసురు నాకు తగిలింది తల్లీ. ఇచ్చింది నేనే గదా. నా చేతులతోనే నీ ఇల్లు ఆర్పినాను."

"నువ్వు సందు పెట్టినావు. పెట్టినావా లేదా? దాన్ని మూసెయ్యమని అడిగిందెవురు? నడుం నొప్పని నీ తోటకొచ్చి ఏడ్చింది నేను. నా గడపలోకి ఇసక రాకూడదని నా మొగుడొచ్చే దారి నేను మూసుకున్నా. ఏ మొహం పెట్టుకుని నిన్ను చూడమంటావు?"

ఇన్నాళ్ళూ ఆమె మొహం తిప్పుకున్నది కోపంతో అనుకున్నాడాయన. అది సిగ్గు.

"నేనియ్యకుండా ఉంటే పోయేది" అన్నాడు.

"అడిగితే ఇచ్చేవోడివి నువ్వు. ఏది అడగాల్నో తెలియకపోయింది నాకు."

అక్కడున్న మాకెవరికీ కళ్ళు ఎత్తే ధైర్యం లేకపోయింది. తప్పు నాదంటే నాదని వాళ్ళిద్దరూ కొట్లాడుకుంటున్నారు. మరి నీళ్ళ మీద తిరిగిన మావాళ్ళదో? ఏళ్ళ తరబడి కనబడని గోడకు సున్నం కొట్టిన మా అందరిదో? ఆ మాట ఎవరూ అనలేదు.

అంకాలమ్మ గొడ్డలి తీసుకుని, తాను కడవలతో నీళ్ళు పోసి పెంచిన చెట్టు మీద వేటు వేసింది. వేటు సరిగా పడలేదు. మళ్ళీ వేసింది. రమణయ్య వెళ్ళి ఆమె చేతిలోంచి గొడ్డలి తీసుకుని తాను అందుకున్నాడు. తర్వాత ఇంకొకరు గొడ్డలి తెచ్చారు. గడ్డం నిమురుకున్న పెద్దమనిషి కూడా పంచె ఎగగట్టి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా పాత సందు తెరుచుకుంది. తెరిచిన గంటకే అందులోంచి ఇసుక లేచి అంకాలమ్మ ఇంటి మీదికి పోవడం మొదలుపెట్టింది. ఆమె చూసి ఊరుకుంది.

ఆ సాయంత్రం మబ్బుగానే ఉంది. పడవలు వచ్చే వేళకు పాలెమంతా ఒడ్డున చేరింది. ముందు పడవలోని వాళ్ళు దూరంనుంచే కేకలు పెట్టారు.

"గోడ కనపడతా ఉండాది! గోడ కనపడతా ఉండాది!"

ఒక్కొక్క పడవా ఎక్కడా తడబడకుండా నేరుగా మొగలోకి వచ్చేసింది. నెల రోజులుగా సందకాడ గుండెలు చేత్తో పట్టుకున్న ఆడవాళ్ళు ఆ రోజు నవ్వుకుంటూ గంపలు ఎత్తుకున్నారు. కొట్టేసిన మొదళ్ళ దగ్గర కూర్చున్న దావీదన్నను ఇద్దరు ముగ్గురు వచ్చి పలకరించారు. ఆయన తలూపాడు.

చేపలు పంచుకోవడం అయిపోయింది. జనం పలచబడ్డారు. అంకాలమ్మ మాత్రం నీళ్ళ అంచున నిలబడే ఉంది. రమణయ్య ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"పడవలన్నీ వచ్చేసినాయి వదినా. ఇంటికి పోదాం రా."

"వచ్చేసినాయిలే" అంది. కదల్లేదు. కాసేపటికి వెనక్కి తిరిగి, కొట్టిపడేసిన చెట్ల వైపు చూసింది.

"ఇంతేనా రమణయ్యా?" అని అడిగింది. "ఒక్క పూట పనేనా ఇది?"

ఆ మాట విన్న దావీదన్న లేచి, గొడ్డలి అక్కడే వదిలేసి, చీకట్లో ఇంటిదారి పట్టాడు.